మంట దగ్గర ఆగడమూ పనే: ఫైర్‌మన్ కావాలనుకునేవారు ముందు తెలుసుకోవాల్సినవి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో యూనిఫాం ఉద్యోగాలకు తయారయ్యే యువత ఎప్పుడూ ఎక్కువే. తెల్లవారకముందే యూనివర్సిటీ మైదానంలోనో, ఊరి చెరువు కట్టమీదనో పరుగు మొదలవుతుంది. 1600 మీటర్లు, 100 మీటర్లు, లాంగ్‌జంప్. పగలంతా అర్థమెటిక్, రీజనింగ్, జనరల్ స్టడీస్. 2018లో రాష్ట్ర పోలీసు నియామక మండలి కానిస్టేబుల్, జైలు వార్డర్, ఫైర్‌మన్ పోస్టులకు కలిపి ఒకే నోటిఫికేషన్ ఇచ్చింది. ఇలా కలిపి పిలవడంతో చాలామందికి ఫైర్‌మన్ అనేది కానిస్టేబుల్ రాకపోతే చూసుకునే రెండో ఆప్షన్‌గా మిగిలింది. మంట ఎందుకు పుడుతుంది, ఎందుకు ఆరుతుంది అన్నది ట్రైనింగ్‌లో నేర్పుతారులే అని పక్కన పెట్టేస్తారు.

అలా పక్కన పెట్టడం వల్ల నష్టముంది. అగ్నిమాపక సేవలో శాస్త్రం, క్రమశిక్షణ, పౌర విలువలు అని మూడు వేర్వేరు పాఠాలు లేవు. పుస్తకంలో మూడు అధ్యాయాలుగా ఉండొచ్చు. ప్రమాద స్థలంలో మాత్రం మూడూ ఒకే క్షణంలో, ఒకే మనిషి చేతిలో పనిచేయాలి. అందులో ఒకటి లోపించినా మిగతా రెండూ అక్కరకు రావు.

గ్యాస్ సిలిండర్ మంటనే తీసుకుందాం. ఒక టీ కొట్టులో సిలిండర్ వాల్వు దగ్గర మంట అంటుకుంది. రెగ్యులేటర్ కాలిపోయింది, వాల్వు కట్టేయడానికి చెయ్యి పెట్టే వీల్లేదు. మంట నాలుగడుగులు లేస్తోంది. ఫైర్ ఇంజిన్ వచ్చింది. ‘ఆర్పండి సార్, చూస్తూ నిలబడ్డారేంది’ అని చుట్టూ జనం అరుస్తున్నారు. సిబ్బంది ఆ మంటను వెంటనే ఆర్పరు. దూరం నుంచి సిలిండర్ మీద నీళ్ళు కొట్టి చల్లబరుస్తారు, పక్కనున్న సామాను తీయిస్తారు, జనాన్ని వెనక్కి పంపుతారు. వాల్వు దగ్గరికి చెయ్యి వెళ్ళేదాకా, లేదా లోపలి గ్యాస్ అయిపోయేదాకా ఆ మంటను అలాగే మండనిస్తారు.

చూసేవాళ్ళకు ఇది చేతకానితనంగా కనిపిస్తుంది. నిజానికి ఆ వీధిని కాపాడుతున్నది ఆ నిదానమే. వంటగ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేలమీద పాకుతుంది, మురికి కాలువల్లో, సెల్లార్లలో, మెట్ల కింద నిలిచిపోతుంది. గాలిలో సుమారు 2 నుంచి 9 శాతం దాకా గ్యాస్ కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకు మొత్తం అంటుకుంటుంది. సిలిండర్‌లో ద్రవంగా ఉన్న గ్యాస్ బయటికి వస్తే దాదాపు 250 రెట్లు విస్తరిస్తుంది. వాల్వు మూయకుండా మంటను మాత్రం ఆర్పేస్తే గ్యాస్ రావడం ఆగదు, కంటికి కనబడకుండా వస్తూనే ఉంటుంది. కళ్ళముందు ఒకచోట కట్టుబడి ఉన్న మంట పోయి, ఎక్కడ అంటుకుంటుందో తెలియని మేఘం తయారవుతుంది. మండుతున్న గ్యాస్ కంటే మండని గ్యాస్‌తోనే ఎక్కువ భయం.

ఈ ఒక్క సందర్భంలో మూడు పాఠాలూ ఉన్నాయి. గ్యాస్ స్వభావం తెలియకపోతే ఆర్పాలనే తోస్తుంది. తెలిసినా, వందమంది అరుస్తుంటే తట్టుకుని నిలబడే అలవాటు లేకపోతే చెయ్యి ఆగదు. ఆ అరిచే జనం పరాయివాళ్ళు కారని, వాళ్ళకోసమే అక్కడికి వచ్చామని గుర్తు లేకపోతే, వాళ్ళను వెనక్కి పంపే మాటలో కోపం తప్ప మర్యాద ఉండదు. అలా పంపితే వాళ్ళు వెళ్ళరు కూడా.

చిత్తూరు పల్లెల్లో బెల్లం వండే రోజుల్లో గానుగ పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే మంట శాస్త్రం సగం అర్థమైపోతుంది. రసం తీసిన చెరకు పిప్పిని ఎండలో పరిచి, బాగా ఆరాకే పొయ్యిలో వేస్తారు. పచ్చిది వేస్తే పొగ తప్ప మంట రాదు. పొయ్యి వేడంతా ముందు అందులోని నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. గాలి వచ్చే దారి మూస్తే మంట మందగిస్తుంది. పిప్పి వేయడం ఆపితే కాసేపటికి చల్లారుతుంది. ఇంధనం, వేడి, ఆక్సిజన్ అనే మూడింటినీ కలిపి అగ్ని త్రిభుజం అంటారు. వీటికి నాలుగోదిగా గొలుసుకట్టు రసాయన చర్యను చేరుస్తారు. మంటలో పుట్టే చురుకైన అణు శకలాలు పక్క అణువులను విరగ్గొడుతూ మంటను కొనసాగిస్తాయి. పొడి మందు చల్లే ఎక్స్‌టింగ్విషర్ ప్రధానంగా దెబ్బతీసేది ఈ గొలుసునే.

గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. అది 15, 16 శాతానికి పడిపోతే మామూలుగా మంట నిలవదు. ఇక్కడొక మెలిక ఉంది. నాలుక చాచే మంట ఆరిపోయినా, పరుపులోని దూది, గడ్డివామి, బట్టల మూట లోపల నిప్పు తక్కువ ఆక్సిజన్‌తోనే గంటల తరబడి రాజుకుంటూ ఉంటుంది. వామిలో మంట ఆరిందని సిబ్బంది తిరిగి వచ్చాక, రాత్రికి మళ్ళీ అంటుకుందని ఫోన్ రావడానికి కారణం అదే. అందుకే గడ్డిని గడ్డపారలతో, కొక్కేలతో లాగి, పొరలు విప్పి, లోపలిదాకా తడపాలి. కొత్తవాళ్ళకు చాలా విసుగు పుట్టించే పని ఇది. చప్పట్లు కొట్టేవాళ్ళు ఇళ్ళకు పోయాక, బురదలో నిలబడి చేయాల్సినది. రైతుకు ఏడాది పశుగ్రాసంలో ఎంత మిగిలిందో తేలేది ఇక్కడే కాబట్టి ఈ ఓపికకు విలువ ఎక్కువ.

కట్టె మండుతోంది అంటాం కానీ, నాలుకలుగా లేచే మంట కట్టెది కాదు. వేడికి కట్టె విచ్ఛిన్నమై విడుదల చేసిన వాయువులది. పెట్రోలు విషయంలోనూ అంతే, మండేది పైన ఉన్న ఆవిరి. ఒక ద్రవం నిప్పు చూపిస్తే అంటుకునేంత ఆవిరిని ఎంత ఉష్ణోగ్రత దగ్గర ఇస్తుందో ఆ అంకెను ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకు అది సున్నాకు దాదాపు 40 డిగ్రీలు కిందే. అంటే మన ఊళ్ళో చలికాలంలోనైనా, ఎండాకాలంలోనైనా మూత తీసిన పెట్రోలు డబ్బా ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. డీజిలు, కిరోసిన్ ఫ్లాష్ పాయింట్లు చాలా ఎక్కువ కాబట్టి అవి అంత తేలిగ్గా అంటుకోవు. కానీ మే నెల ఎండలో తారురోడ్డు మీద ఒలికిన డీజిలును జనవరి డీజిలంత నిశ్చింతగా చూడకూడదు.

గ్యాస్ వాసన వచ్చిన గదిలో లైటు వేయకూడదని అందరికీ తెలుసు. వెలుగుతున్న లైటును ఆర్పకూడదని చాలామందికి తెలియదు. స్విచ్ వేసినా, కట్టేసినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది, దానికి అంత చాలు. తలుపులు, కిటికీలు తెరవాలి, వీలైతే వాల్వు మూయాలి, బయటికి వచ్చి ఫోన్ చేయాలి. 2014 జూన్ 27న నాటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైన్ లీకై, తెల్లవారుజామున గ్యాస్ ఊరి మీద పరుచుకుంది. ఎక్కడో నిప్పు తగిలింది. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అంతటి మేఘానికి కావాల్సింది ఒక పొయ్యి వెలిగించడమంత చిన్న నిప్పు మాత్రమే.

ఆర్పడమంటే త్రిభుజంలో ఒక భుజాన్ని తీసేయడం. నీళ్ళు వేడిని తీస్తాయి. ఎంత తీస్తాయో లెక్క చూస్తే నాజిల్ పట్టుకునే పద్ధతే మారిపోతుంది. 30 డిగ్రీల నీరు లీటరు 100 డిగ్రీలకు చేరేలోపు సుమారు 293 కిలోజౌళ్ళ వేడిని తాగుతుంది. అదే లీటరు ఆవిరిగా మారడానికి ఇంకో 2,257 కిలోజౌళ్ళు తాగుతుంది, అంటే ఏడు రెట్లకు పైగా. మంట మీద పడి ఆవిరి కాకుండా నేలమీద పారిపోయిన నీరు తన శక్తిలో చాలావరకు వాడకుండానే వృథా అయినట్టు. అందుకే మూసి ఉన్న గదిలో నాజిల్‌ను తిప్పి సన్నని తుంపరగా కొట్టమంటారు. చిన్న చుక్కలు త్వరగా ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది, ఆ ఆవిరి ఆక్సిజన్‌ను కూడా పక్కకు నెడుతుంది. అదే ఆవిరి లోపలున్న మనిషిని కూడా ఉడికించగలదు. గదిలో ఎవరైనా ఉన్నారా, వేడి బయటికి పోయే దారి ఉందా అని చూడకుండా నాజిల్ తెరవకూడదనే నియమం దీన్నుంచే వచ్చింది.

రెండో లెక్క ట్యాంకుది. మన స్టేషన్లలో కనిపించే మామూలు వాటర్ టెండర్‌లో సుమారు 4,500 లీటర్లు పడతాయి. ఒక హోస్ లైను నిమిషానికి 450 లీటర్లు వదిలితే బండిలోని నీళ్ళు పది నిమిషాలకు అయిపోతాయి. రెండు లైన్లు వేస్తే ఐదు నిమిషాలు. ఆ లోపు ఇంకో బండి రావాలి, లేదా హైడ్రంటో (ఫైర్ ఇంజిన్ నీళ్ళు పట్టుకునే కుళాయి), చెరువో, వ్యవసాయ బావో దొరకాలి. బండి దిగగానే ఒకరు మంటవైపు చూస్తే ఇంకొకరు నీళ్ళు ఎక్కడున్నాయో చూడాలన్నది అందుకే. పొగ కనిపించిందని ఆవేశంగా ముందే నాజిల్ తెరిచేస్తే, లోపలికి వెళ్ళాల్సిన సమయానికి ట్యాంకు ఖాళీ అవుతుంది.

మూడో లెక్క బలానిది. 63 మిల్లీమీటర్ల హోస్ 15 మీటర్ల ముక్కలో నిండేది 47 లీటర్ల దాకా నీరు. ఆ బరువుతో మెట్లెక్కాలి. 7 బార్ ఒత్తిడితో నీళ్ళు బయటికి దూకుతుంటే నాజిల్ పట్టుకున్నవాళ్ళను పాతిక కిలోలకు పైగా బలం వెనక్కి నెడుతుంది. చెయ్యి జారిన బ్రాంచి (హోస్ చివర నాజిల్ ఉన్న గొట్టం) తలలు పగలగొడుతుంది. డ్రిల్లులో ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు అని ప్రతి ఒక్కరికీ స్థానం, పని ముందే ఎందుకు కేటాయిస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ‘వాటర్ ఆన్’ అని ముందున్నవారు చెప్పకుండా పంపు దగ్గరున్నవారు నీళ్ళు వదలకూడదు. ముందున్నవారు కాళ్ళు నిలదొక్కుకోకముందే ఒత్తిడి వస్తే పడిపోతారు. క్రమశిక్షణ అనగానే సెల్యూట్, షూ పాలిష్ గుర్తొస్తాయి. అవీ ఉండాల్సిందే. కానీ అసలు క్రమశిక్షణ ఆ ‘వాటర్ ఆన్’ అనే మాటకోసం ఆగడంలో ఉంది.

మంటల వర్గీకరణ పరీక్షలో అడుగుతారు కాబట్టి క్లుప్తంగా: కట్టె, గుడ్డ, కాగితం లాంటి ఘన పదార్థాలవి ‘ఏ’ తరగతి, పెట్రోలు లాంటి ద్రవాలవి ‘బీ’, వాయువులవి ‘సీ’, మెగ్నీషియం లాంటి లోహాలవి ‘డీ’. కరెంటు వల్ల పుట్టిన మంటకు మన దగ్గర విడిగా అక్షరం లేదు. కరెంటు తీసేశాక మిగిలేది ఏదో ఒక మామూలు తరగతి మంటే. అందుకే ముందు సరఫరా ఆపించాలి. తిరుపతి కేంద్రంగానే పనిచేసే విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ సిబ్బందితో ఫైర్ స్టేషన్‌కు రోజూ సంబంధం ఉండాలనడం ఇందుకే. సరఫరా ఆగిందని రూఢి అయ్యేదాకా నీళ్ళజోలికి పోకుండా కార్బన్ డయాక్సైడో, పొడి మందో వాడాలి.

నూనె మంట గురించి మాత్రం తిరుపతివాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. యాత్రికులకోసం రాత్రింబవళ్ళు వండే హోటళ్ళు, మెస్సులు, కల్యాణ మండపాలు ఇక్కడ అడుగడుగునా ఉన్నాయి. తిరుమల కొండమీద పోటులో (ప్రసాదాల వంటశాలలో) బూందీ వేయించే చోట నెయ్యి ఆవిరి గోడలకు, పొగగొట్టాలకు జిడ్డుగా పేరుకుంటుంది. అక్కడ మంటలు రేగిన సందర్భాలు గతంలో ఉన్నాయి. కాగుతున్న నూనె ఉష్ణోగ్రత నీరు మరిగే స్థాయికంటే చాలా ఎక్కువ. అందులో చెంబెడు నీళ్ళు పోస్తే, నూనెకంటే బరువైన నీరు అడుక్కు దిగి, ఒక్కసారిగా ఆవిరై 1,700 రెట్లు ఉబ్బి, మండే నూనెను కప్పుదాకా ఎగజిమ్ముతుంది. చేయాల్సింది గ్యాస్ కట్టేసి, మూత పెట్టి, చల్లారేదాకా మూత తీయకుండా ఉండటం. మూత తీసి చూడాలన్న ఆత్రం వల్లే రెండోసారి అంటుకుంటుంది. పొగగొట్టాల జిడ్డు ఎప్పటికప్పుడు తీయించకపోతే, కింద మూత పెట్టినా మంట పైపులోంచి పైకి పాకిపోతుంది.

ఇంతకంటే బరువైన విషయం పొగ. అగ్నిప్రమాదాల్లో చనిపోయేవారిలో చాలామంది మంట తగిలి కాదు, పొగ పీల్చి చనిపోతారు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు, ఎక్కువమందిని బలితీసుకున్నది ఊపిరాడకపోవడమే. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబరులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది చనిపోయారు. అదే నెలలో చిత్తూరులో కాగితం ప్లేట్లు తయారుచేసే యూనిట్ ఉన్న భవనంలో మంటలు లేచి ముగ్గురి ప్రాణాలు పోయాయి. కింద వ్యాపారం, పైన మనుషులు నిద్రపోయే గదులు అనే కట్టడాలు తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టూ ఎన్ని ఉన్నాయో ఈ ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. కింద మంట పుడితే మెట్లదారి పొగగొట్టంలా పనిచేస్తుంది. పైన గదుల్లో ఉన్న యాత్రికుడికి ఆ భవనం కొత్త, ఊరు కొత్త, చాలాసార్లు భాష కూడా కొత్త.

పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అందుకే నిద్రలో ఉన్నవాళ్ళు లేవకుండానే పోతారు, మెలకువగా ఉన్నవాళ్ళు తలుపు ఎటుందో తేల్చుకోలేక తడబడతారు. వేడి పొగ పైకి చేరుతుంది కాబట్టి నేలకు దగ్గరగా గాలి కాస్త నయంగా ఉంటుంది, వంగి, పాకుతూ రమ్మనేది అందుకే. గది కప్పుకింద చేరిన పొగ వేడి 500, 600 డిగ్రీలకు చేరితే గదిలోని ప్రతి వస్తువూ దాదాపు ఒకేసారి భగ్గుమంటుంది. దీన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఆ తర్వాత ఆ గదిలో ఎంత మంచి దుస్తులు వేసుకున్న ఫైర్‌మన్ కూడా నిలవలేరు.

దానికి పూర్తిగా ఎదురు పరిస్థితి ఇంకొకటి ఉంది. గది మూసి ఉంది, ఆక్సిజన్ అయిపోయింది, మంట కనిపించడం లేదు, కానీ లోపల వేడి వాయువులు నిండి ఉన్నాయి. ఎవరో మేలు చేద్దామని కిటికీ అద్దం పగలగొడతారు. గాలి లోపలికి దూకుతుంది, గది పేలినట్టు మంట బయటికి వస్తుంది. తలుపు వేడిగా ఉందా, సందుల్లోంచి పొగ లోపలికి బయటికి ఊపిరి తీసుకుంటున్నట్టు ఆడుతోందా, అద్దాలు నల్లబడి ఉన్నాయా అని చూడాలి. ముందు పైనుంచి వేడి పోయే దారి చేసి, నీటి లైను సిద్ధంగా పెట్టుకుని, పక్కకు నిలబడి అప్పుడు తలుపు తెరవాలి. సాయానికి వచ్చిన జనం చేసే మంచి పనులు కొన్నిసార్లు ప్రాణం తీస్తాయి, కాబట్టి వాళ్ళకు ముందుగా, ప్రమాదం లేని రోజున చెప్పడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు ఈ లెక్కల్లో కొన్నింటిని మార్చేశాయి. లిథియం అయాన్ సెల్లు వేడెక్కి అదుపు తప్పితే తన వేడితో తానే పక్క సెల్లును రగిలిస్తుంది, లోపలి రసాయనాల నుంచే కొంత ఆక్సిజన్ కూడా విడుదలవుతుంది. గాలి అందకుండా కప్పితే ఆరుతుందన్న భరోసా లేదు. చాలా నీళ్ళతో చాలాసేపు చల్లబరచాలి, ఆరాక కూడా కనిపెట్టుకుని ఉండాలి. లాడ్జి మెట్ల కింద రాత్రంతా స్కూటర్ ఛార్జింగ్‌లో పెట్టడం ఎందుకు తప్పో యజమానికి ఇలా వివరించి చెప్పగలగాలి. భయపెట్టి నోటీసు ఇవ్వడం కంటే అర్థమయ్యేలా చెప్పడం ఎక్కువకాలం పనిచేస్తుంది.

పొగలోకి వెళ్ళే సిబ్బంది బీఏ సెట్ (గాలి సిలిండర్‌తో ఊపిరి తీసుకునే పరికరం) వేసుకుంటారు. ఆరు లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో గాలి నింపితే 1,800 లీటర్లు. పనిచేసే మనిషి నిమిషానికి 40 లీటర్లు పీలుస్తారనుకుంటే 45 నిమిషాలు. కానీ ఒత్తిడి 55 బార్‌కు పడిపోయినప్పుడు విజిల్ మోగుతుంది, అప్పటికి మిగిలేది ఎనిమిది నిమిషాల గాలి. టెన్షన్ పడినా, బరువు మోసినా నిమిషానికి 60 లీటర్లు దాటుతుంది, అప్పుడు ఈ లెక్కంతా తగ్గిపోతుంది. కాబట్టి విజిల్ మోగాక బయల్దేరడం కాదు, మోగే సమయానికి బయట ఉండేలా ముందే వెనక్కి తిరగాలి. లోపలికి వెళ్ళేవారి పేరు, సమయం, ఒత్తిడి రాసున్న బిళ్ళను బయట ఒకరి దగ్గర ఇచ్చి వెళ్ళాలి. ఎప్పుడూ ఇద్దరుగా వెళ్ళాలి. ఉదయం పరుగు ఎందుకు అవసరమో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒంట్లో దమ్మున్నవారు అదే గాలితో ఎక్కువసేపు పనిచేస్తారు, గాభరా పడకుండా ఉండగలిగేవారు ఇంకా ఎక్కువసేపు.

ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు, వాళ్ళ స్మృతిలోనే ఈ వారం. ఆ ఓడలో దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, వాటితోపాటు పత్తి బేళ్ళు ఉన్నాయి. మధ్యాహ్నం పొగ కనిపించింది. పంపులతో నీళ్ళు పోస్తూనే ఉన్నారు, మంట అసలు ఎక్కడుందో దొరకలేదు. సాయంత్రం నాలుగు దాటాక మొదటి పేలుడు, అరగంట లోపు రెండోది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఘటనలో చదవాల్సింది త్యాగం ఒక్కటే కాదు. రాజుకునే పత్తి పక్కన పేలుడు సరుకు ఎక్కించారు. ప్రమాదకర సరుకుందని తెలిపే ఎర్రజెండా ఓడ మీద లేదు. ఓడను ముంచేయాలా, బయటికి లాగాలా అని తలా ఒక మాట చెప్పారు తప్ప తేల్చి ఆజ్ఞ ఇచ్చినవారు లేరు. సిబ్బంది ఉన్నచోటే నిలబడి పనిచేశారు. కింది స్థాయి క్రమశిక్షణ ఎంత గట్టిగా ఉన్నా, సమాచారం దాచినచోట, పైన నిర్ణయం తీసుకోనిచోట అది ప్రాణాలు కాపాడలేదు.

అందుకే ఆజ్ఞ పాటించడం ఎంత ముఖ్యమో, చూసింది చూసినట్టు పైకి చెప్పడం అంతే ముఖ్యం. ఫైర్‌మన్, లీడింగ్ ఫైర్‌మన్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్ అనే వరుస ఉన్నది కిందివాళ్ళ నోరు మూయించడానికి కాదు. కప్పు పగుళ్ళిస్తోందని మొదట చూసేది నాజిల్ పట్టుకున్న మనిషే. ఆ మాట ఆఫీసర్‌కు వెంటనే చేరాలి, ఆఫీసర్ వెనక్కి రమ్మంటే వాదించకుండా రావాలి. ఈ రెండూ అలవాటైన బృందం లోపలికి వెళ్ళి తిరిగి వస్తుంది.

ఇక పౌర విలువల సంగతి. రాజ్యాంగంలో 51ఏ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను చెబుతుంది. 1976లో 42వ సవరణతో వచ్చింది. పోటీ పరీక్షల కోసం అందరూ కంఠస్థం చేసేదే. ప్రజా ఆస్తిని కాపాడటం, అడవులను, ప్రకృతిని రక్షించడం, శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం అందులో ఉన్నాయి. ఫైర్‌మన్‌కు ఈ మూడూ ఉద్యోగ వివరణలాగే ఉంటాయి. అయితే విలువకు అసలు పరీక్ష పుస్తకంలో కాదు, కాలిపోయిన ఇంట్లో ఎదురవుతుంది. సగం కాలిన బీరువాలో నగలు కనిపిస్తాయి. ఇంటి మనిషి ఏడుస్తూ బయట ఉంటారు. ఆ క్షణంలో ఆ వస్తువును యజమాని ఎదుట, సాక్షుల ఎదుట రాయించి అప్పగించాలి. గుడిసె అయినా మేడ అయినా ఫోన్ వచ్చిన వరుసలో, ప్రాణాపాయం ఎక్కడ ఎక్కువో అక్కడికి ముందు వెళ్ళాలి. ఎవరి కులం, ఎవరి పార్టీ, ఎవరి పలుకుబడి అన్నది అడగకూడదు.

ప్రమాదం తర్వాత రాసే రిపోర్టు కూడా అంతే బరువైనది. బీమా సొమ్ము, ప్రభుత్వ సాయం, కోర్టు కేసు అన్నీ ఆ కాగితం మీద ఆధారపడతాయి. కారణం స్పష్టంగా దొరకనప్పుడు అలవాటుగా ‘షార్ట్ సర్క్యూట్’ అని రాసేస్తే, నిజమైన కారణం అలాగే ఉండిపోయి ఇంకో ఇంటికి చేరుతుంది. మంట ఎక్కడ మొదలైందో గోడమీద మసి గుర్తులు, కట్టె ఎంత లోతుగా కాలింది, తీగ కరిగిన తీరు చెబుతాయి. వాటిని చూసి రాయడం శాస్త్రం, చూసిందే రాయడం నిజాయితీ. ఎన్‌ఓసీ (భవనానికి ఇచ్చే నిరభ్యంతర పత్రం) కోసం తనిఖీకి వెళ్ళినప్పుడు రెండో మెట్లదారికి తాళం వేసి ఉంటే, ఆ తాళం గురించి రాయకుండా వదిలేయడం చిన్న మొహమాటంలా కనిపిస్తుంది. ఒక రాత్రి ఆ తాళం ఎదుట మనుషులు నిలబడతారు.

ఈ విలువలు సిబ్బందికి మాత్రమే ఉంటే సరిపోదు. 2023 జూన్‌లో గోవిందరాజస్వామి ఆలయం దగ్గర ఫొటో ఫ్రేముల దుకాణంలో పెద్ద మంట లేచింది. కట్టె, గాజు, కాగితం, రసాయనాలు ఒకేచోట, చుట్టూ ఇరుకు వీధులు, యాత్రికుల రద్దీ. అలాంటి చోట బండి లోపలికి వెళ్ళాలంటే దారి మధ్యలో నిలిపిన ఆటో, ముందుకు జరిగిన తోపుడు బండి, దుకాణం మెట్లు ఒక్కొక్కటీ కొన్ని నిమిషాలు తినేస్తాయి. ఫైర్ ఇంజిన్‌కు, అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ ఉంటాయి. 101కో, 112కో సరదాగా చేసే తప్పుడు ఫోన్ అవసరంలో ఉన్న ఇంకొకరి బండిని లాక్కోవడమే.

శేషాచలం అడవులది వేరే కథ. 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించిన ఈ కొండల్లో వేసవికి ఆకులన్నీ రాలి, బోదగడ్డి ఎండి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు వ్యాపించినప్పుడు వాయుసేన హెలికాప్టర్లను కూడా రప్పించాల్సి వచ్చింది. ఇక్కడ హోస్ పైపులు చేరవు. అటవీ సిబ్బందితో కలిసి పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పడం, ఆకులు ఊడ్చి మంట దాటలేని గీత తీయడమే ప్రధానం. వాలు 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ పైకి పాకే మంట వేగం సుమారు రెట్టింపవుతుంది, ఎందుకంటే పైనున్న గడ్డి కింది మంట వేడికి ముందే ఎండిపోతుంది. కాబట్టి మంటకు పైవాలులో నిలబడకూడదు, ఇప్పటికే కాలిపోయిన నల్లనేలకు చేరే దారి ఎప్పుడూ చూసిపెట్టుకోవాలి, గాలి దిశ మారితే అందరికీ కేకేసి చెప్పాలి. కాలినడకన కొండెక్కే భక్తులు, పశువుల కాపరులు, కట్టెలకు వెళ్ళేవాళ్ళు పారేసే బీడీ ముక్క, ఆర్పని పొయ్యి ఈ మంటలకు కారణమవుతాయి. ఫిబ్రవరిలోనే కొండ కింది పల్లెలకు వెళ్ళి మాట్లాడితే, మార్చి, ఏప్రిల్‌లో పరుగులు తగ్గుతాయి.

ఉద్యోగం వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే చేయదగిన పనులు ఉన్నాయి. వారోత్సవాల రోజుల్లో దగ్గరి ఫైర్ స్టేషన్‌కు వెళ్ళి ప్రదర్శనలు చూడొచ్చు, అనుమతి ఇస్తే హోస్ చుట్టడం, నిచ్చెన ఎత్తడం, బౌలైన్, క్లోవ్ హిచ్ ముడులు నేర్చుకోవచ్చు. ముడి కళ్ళు మూసుకుని వేయగలిగేదాకా సాధన చేయాలి, పొగలో కళ్ళు కనబడవు. తాము చదువుకునే కోచింగ్ సెంటర్‌కు, ఉండే హాస్టల్‌కు ఎన్ని మెట్లదారులున్నాయి, ఎక్స్‌టింగ్విషర్ గేజీలో ముల్లు పచ్చ భాగంలో ఉందా, మెయిన్ స్విచ్ ఎక్కడుంది, బయటి గేటుకు రాత్రి తాళం వేస్తే తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది అని ఒకసారి తిరిగి చూసి, లోపముంటే యాజమాన్యానికి చెప్పి, సరిచేసేదాకా మళ్ళీ మళ్ళీ అడగొచ్చు.